4కె, 5కె మానిటర్ల మీద ఫొటోలు చూడటం, ఎడిట్ చేయడం

24 మెగాపిక్సెల్ కెమెరాతో తీసిన ఫొటోలో అడ్డంగా 6000, నిలువుగా 4000 పిక్సెళ్లు ఉంటాయి. దాన్ని ఫుల్ హెచ్‌డీ (1920×1080 పిక్సెళ్ల) మానిటర్ మీద తెరకు పట్టేంత పెద్దదిగా పెడితే మనకు కనబడేది 1620×1080, అంటే పదిహేడున్నర లక్షల పిక్సెళ్లు. తీసినదాంట్లో ఇది పద్నాలుగో వంతు. అదే ఫొటో 4కె (3840×2160) తెర మీద 3240×2160 అవుతుంది, అంటే 70 లక్షలు. 5కె (5120×2880) మీద 4320×2880, కోటీ 24 లక్షలు. అంటే తీసిన ఫొటోలో సగానికి పైగా ఒక్కసారే కళ్ల ముందు ఉంటుంది. జూమ్ చేయకుండానే కనురెప్పల వెంట్రుకలు, బట్ట నేత, దూరపు చెట్ల ఆకుల అంచులు కనబడతాయి. ఫోకస్ కంటి మీద కాకుండా చెవి మీద పడిందన్న సంగతి కూడా మొదటి చూపులోనే తెలుస్తుంది.

అయితే ఈ తెరలు ప్రతి ఫొటోనూ కాస్త అందంగానే చూపిస్తాయి. పిక్సెల్ చిన్నదయ్యేకొద్దీ నాయిజ్ (ఫొటోలో చుక్కచుక్కలుగా కనబడే గరుకు) సన్నబడుతుంది, షార్పెనింగ్ (అంచులకు పదును పెట్టడం) ఎక్కువైనా బయటపడదు. కొత్త మానిటర్ ముందు కూర్చుని పాత మానిటర్ అలవాట్లతో స్లైడర్లు జరిపితే ఆ ఫైలు ఇంకొకరి తెర మీద గరుకుగా కనబడుతుంది. అందుకే మీరు ఏ సైజులో చూస్తున్నారో, ఫొటోలోని ఒక పిక్సెల్ తెర మీద ఎన్ని పిక్సెళ్లుగా వస్తోందో ఎప్పుడూ తెలిసి ఉండాలి. మిగతా పనులన్నీ దాని తర్వాతే.

సైజు, దూరం

రిజల్యూషన్ ఒక్కటే చూసి మానిటర్ కొనకండి. అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయో లెక్క వేసుకోండి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీకి 92, 27 అంగుళాల 2560×1440కి 109, 32 అంగుళాల 4కెకి 138, 27 అంగుళాల 4కెకి 163, 24 అంగుళాల 4కెకి 184, 27 అంగుళాల 5కెకి 218 వస్తాయి. వేరే సైజు ఉంటే అడ్డం పిక్సెళ్ల వర్గం, నిలువు పిక్సెళ్ల వర్గం కూడి, వర్గమూలం తీసి, మూల నుంచి మూలకు ఉన్న అంగుళాలతో భాగించండి.

మామూలు చూపు ఉన్న కన్ను ఒక ఆర్క్ నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) కోణం వరకు వివరాన్ని విడదీసి చూడగలదు. 60 సెంటీమీటర్ల దూరంలో అది 0.17 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి దాదాపు 145 పిక్సెళ్లు. 27 అంగుళాల 4కెలో పిక్సెల్ 0.156 మిల్లీమీటర్లే కాబట్టి ఆ దూరం నుంచి విడి పిక్సెళ్లు కనబడవు. 50 సెంటీమీటర్లకు ముందుకు వంగితే ఈ హద్దు 175కు పెరుగుతుంది. ఎప్పుడూ దగ్గరగా కూర్చునేవాళ్లకు 5కెతో ఉపయోగం ఉంది. 70 సెంటీమీటర్లు అంతకన్నా దూరంగా కూర్చునేవాళ్లకు 32 అంగుళాల 4కె సరిగ్గా సరిపోతుంది. మా దృష్టిలో ఎక్కువమందికి 27 అంగుళాల 4కె చాలు. మిగిలిన డబ్బు రంగులు కొలిచే కాలిబ్రేటర్ మీద పెట్టడం మేలు.

తెర తయారీలో ఐపీఎస్, వీఏ, టీఎన్, ఓఎల్‌ఈడీ అని ప్యానెల్ రకాలున్నాయి, వాటిలో ఐపీఎస్‌నే ఎంచుకోండి. వీఏలో కాంట్రాస్ట్ ఎక్కువే గానీ తల కొంచెం జరిపితే నీడల ఛాయ మారిపోతుంది, తెర మధ్యలో కనబడే ముదురు రంగు అంచుల్లో వేరుగా ఉంటుంది. టీఎన్ ఈ పనికి పనికిరాదు. ఓఎల్‌ఈడీలో నలుపు అద్భుతంగా ఉంటుంది, కానీ ఎడిటింగ్ ప్రోగ్రాములోని మెనూలు, టూల్ వరుసలు గంటల తరబడి ఒకే చోట కదలకుండా ఉంటాయి కాబట్టి వాటి ముద్ర తెర మీద మిగిలిపోయే ప్రమాదం ఉంది. పైగా తెరలో ఎక్కువ భాగం తెల్లగా ఉన్నప్పుడు చాలా మోడళ్లు వెలుగును తమంతట తామే తగ్గించుకుంటాయి. ఫొటో ఎక్స్‌పోజర్ అంచనా వేసేటప్పుడు అది తప్పుదారి పట్టిస్తుంది.

కేబుల్ దగ్గరే జరిగే నష్టాలు

మౌస్ బాణం ముక్కముక్కలుగా కదులుతుంటే ముందు కేబుల్‌ను అనుమానించండి. హెచ్‌డీఎంఐ 1.4 మీద 4కె సెకనుకు 30 సార్లే వస్తుంది. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ కావాలి. కంప్యూటర్ పోర్టు, కేబుల్, మానిటర్ పోర్టు మూడూ ఆ స్థాయివే అయి ఉండాలి. హెచ్‌డీఎంఐ 2.0లో పూర్తి రంగుతో 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు) ఒక్కో రంగుకు 8 బిట్లకే సరిపోతుంది. 10 బిట్లు పెడితే రంగు సమాచారాన్ని సగానికి కుదించాల్సి వస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.2 మాత్రం 60 హెర్ట్జ్ దగ్గర 10 బిట్లను పూర్తి రంగుతోనే మోస్తుంది. రెండు పోర్టులూ ఉంటే డిస్‌ప్లేపోర్టే వాడండి.

యూఎస్‌బీ-సి డాక్ (ఒకే కేబుల్‌తో మానిటర్‌నూ మిగతా పరికరాలనూ ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె) వాడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. డాక్‌లో వేగమైన యూఎస్‌బీ పోర్టులుంటే వీడియోకు నాలుగు దారుల్లో రెండే మిగులుతాయి. పాత డాక్‌లు 4కెను 30 హెర్ట్జ్‌కు దించేది ఇందుకే. డాక్ తీసేసి మానిటర్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కు కలిపి చూస్తే లోపం ఎక్కడుందో తేలుతుంది.

విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే వరుసలో వెళ్లి నాలుగు విషయాలు సరిచూసుకోండి. సిగ్నల్ 3840×2160 అని ఉందా, రిఫ్రెష్ 60 ఉందా, బిట్ డెప్త్ ఎంత, కలర్ ఫార్మాట్ ఆర్‌జీబీయేనా? అక్కడ 4:2:2 లేదా 4:2:0 (రంగు సమాచారాన్ని కుదించి పంపే పద్ధతులు) కనబడితే నీలం మీది ఎర్ర అక్షరాల అంచులు పాకినట్టు మసకగా ఉంటాయి. ఫొటోలో ఎర్రటి పూరేకుల అంచులకూ అదే గతి.

హెచ్‌డీఎంఐలో ఇంకో తప్పు తరచుగా జరుగుతుంది. గ్రాఫిక్స్ కార్డు మానిటర్‌ను టీవీ అనుకుని 0 నుంచి 255 బదులు 16 నుంచి 235 వరకే విలువలు పంపుతుంది. నలుపు బూడిద రంగులోకి, తెలుపు మసక తెలుపులోకి మారిపోతాయి. మానిటర్ టీవీ పద్ధతిలో ఉండి కార్డు పూర్తి శ్రేణి పంపితే దీనికి తలకిందులుగా జరుగుతుంది, నీడలన్నీ నల్లగా మూసుకుపోతాయి. కార్డు కంట్రోల్ ప్యానెల్లో డైనమిక్ రేంజ్‌ను ఫుల్‌కు మార్చండి. మానిటర్ మెనూలోనూ ఆర్‌జీబీ రేంజ్‌ను దానికి సరిపెట్టండి. ఇది సరిచేయకుండా కాలిబ్రేషన్ మొదలుపెట్టొద్దు.

స్కేలింగ్, నిజమైన 100 శాతం

27 అంగుళాల 4కెలో విండోస్ సాధారణంగా 150 శాతం స్కేలింగ్ పెడుతుంది. లేకపోతే మెనూ అక్షరాలు చదవలేనంత చిన్నవవుతాయి. ఈ స్కేలింగ్ మెనూలకు, బటన్లకు మాత్రమే వర్తించాలి, ఫొటోకు కాదు. ఫొటోషాప్, లైట్‌రూమ్ క్లాసిక్, డార్క్‌టేబుల్ కొత్త వెర్షన్లు ఈ తేడాను పాటిస్తాయి. పాత ప్రోగ్రాములు పాటించవు. విండోస్ వాటి కిటికీ మొత్తాన్ని బొమ్మలా సాగదీస్తుంది, ఫొటో మసకబారుతుంది. అలాంటి ప్రోగ్రాము ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్ తెరిచి, హై డీపీఐ సెట్టింగ్స్‌లో స్కేలింగ్ బాధ్యతను అప్లికేషన్‌కు అప్పగించండి. మెనూలు చిన్నవవుతాయి, ఫొటో మాత్రం స్పష్టంగా వస్తుంది.

బ్రౌజర్ల పద్ధతి వేరు. 150 శాతం స్కేలింగ్‌లో బ్రౌజర్ ప్రతి బొమ్మనూ ఒకటిన్నర రెట్లు పెంచి చూపిస్తుంది. మీరు ఎగుమతి చేసిన ఫొటో బ్రౌజర్లో మెత్తగా ఉందని షార్పెనింగ్ పెంచే ముందు, బ్రౌజర్ జూమ్‌ను 67 శాతానికి తగ్గించి చూడండి. చాలాసార్లు ఫైలులో లోపమే ఉండదు.

మ్యాక్‌లో 27 అంగుళాల 4కెకు 2560×1440లా కనబడే అమరిక పెడితే, సిస్టమ్ ముందు 5120×2880 బొమ్మ గీసి దాన్ని 3840×2160కి కుదించి తెర మీదకు పంపుతుంది. రోజువారీ పనికి ఇబ్బంది లేదు. కానీ ఆ అమరికలో మీరు 100 శాతం అనుకుంటున్నది 100 శాతం కాదు. సూక్ష్మంగా షార్ప్‌నెస్ చూడాల్సినప్పుడు 1920×1080లా కనబడే అమరికకు మారండి, అందులో సరిగ్గా రెండింతలే ఉంటుంది. 5కె మానిటర్‌కు ఈ తంటా లేదు, 2560×1440 అమరిక దానికి సహజంగానే రెండింతలు.

ఏ ప్రోగ్రామునూ మాట మీద నమ్మాల్సిన పని లేదు. అయిదు నిమిషాల్లో పరీక్ష బొమ్మ తయారు చేసుకోవచ్చు.

1. ఎస్‌ఆర్‌జీబీలో (మామూలు తెరలు, వెబ్ వాడే ప్రామాణిక రంగుల శ్రేణి) ఒక పిక్సెల్ వెడల్పు, రెండు పిక్సెళ్ల ఎత్తుతో కొత్త ఫైలు తెరవండి. పై పిక్సెల్‌ను పూర్తి నలుపుతో, కింది పిక్సెల్‌ను పూర్తి తెలుపుతో పెన్సిల్ టూల్ వాడి నింపండి. బ్రష్ వాడితే అంచులు కలిసిపోతాయి.
2. దాన్ని ప్యాటర్న్‌గా నిర్వచించండి.
3. 800×400 పిక్సెళ్ల కొత్త ఫైలు తెరిచి ఎడమ సగాన్ని ఆ ప్యాటర్న్‌తో, కుడి సగాన్ని ఆర్‌జీబీ మూడు విలువలూ 188 ఉన్న బూడిద రంగుతో నింపండి.
4. కలర్ ప్రొఫైల్‌తో (రంగు విలువలను ఎలా చదవాలో చెప్పే సమాచారం) సహా పీఎన్‌జీగా దాచుకోండి. జేపీఈజీ వద్దు.

దీన్ని మీ ప్రోగ్రాములో 100 శాతం దగ్గర తెరిచి కొంచెం వెనక్కు జరిగి చూడండి. రెండు సగాలూ ఒకే బూడిద రంగులా కలిసిపోతే పిక్సెల్‌కు పిక్సెల్ సరిపోతోంది, ప్రొఫైల్ కూడా సరిగ్గా పనిచేస్తోంది. 188 ఎందుకంటే, ఎస్‌ఆర్‌జీబీలో సగం వెలుగు ఇచ్చే విలువ అదే, 128 కాదు. ఎడమ సగంలో పట్టీలు పట్టీలుగా కనబడినా, అది కుడి సగం కన్నా చాలా ముదురుగా ఉన్నా ఎక్కడో బొమ్మ సైజు మారుతోంది. గీతలు విడివిడిగా లావుగా కనబడితే బొమ్మ రెండింతలవుతోంది. పట్టీలు లేకుండా కొద్దిపాటి ఛాయ తేడా మాత్రమే ఉంటే అది గామా (నలుపుకూ తెలుపుకూ మధ్య వెలుగులను తెర చూపే తీరు) లేదా ప్రొఫైల్ సమస్య.

ఇక్కడే మానిటర్ మెనూలోని షార్ప్‌నెస్ కూడా చూసుకోండి. అక్షరాల చుట్టూ తెల్లటి గీత కనబడితే మానిటర్ సొంతంగా పదును పెడుతోందన్నమాట. ఏమీ చేయని విలువ కొన్ని మోడళ్లలో 0, కొన్నింట్లో 50. ఆ తెల్ల గీత పోయేదాకా తగ్గించండి, అక్షరాలు మసకబారడం మొదలైతే ఒక మెట్టు వెనక్కు రండి.

జూమ్ శాతాన్ని ప్రింటు సైజుగా చదవండి

6000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోను అంగుళానికి 92 పిక్సెళ్ల సాంద్రత ఉన్న పాత మానిటర్‌లో 100 శాతం దగ్గర చూడటమంటే 65 అంగుళాల వెడల్పు ప్రింటును రెండడుగుల దూరం నుంచి చూడటమే. 163 సాంద్రత దగ్గర అది 37 అంగుళాల ప్రింటు. 218 దగ్గర 27న్నర అంగుళాలు. అదే నాయిజ్, అదే ఫైలు. ఒక తెర మీద భయపెట్టింది ఇంకో తెర మీద కనబడకపోవడానికి కారణం ఇంతే.

అందుకే షార్పెనింగ్‌కు ఈ పద్ధతి పాటించండి. రేడియస్ (అంచు చుట్టూ పదును ఎంత వెడల్పున పడాలో), అమౌంట్ (ఎంత పదునో) 100 శాతం జూమ్ దగ్గర పెట్టి, తర్వాత 200 శాతం దగ్గర సరిచూడండి. 163 సాంద్రత ఉన్న తెర మీద 200 శాతం అంటే పాత ఫుల్ హెచ్‌డీ తెర మీది 100 శాతానికి దాదాపు సమానం. 5కె మీద 200 శాతం, 27 అంగుళాల 2560×1440 మీది 100 శాతంతో సరిగ్గా సరిపోతుంది. 15.6 అంగుళాల 4కె ల్యాప్‌టాప్‌లో సాంద్రత 282 ఉంటుంది, అక్కడ 300 శాతం దాకా వెళ్లాలి. ఆకాశానికీ చెట్టు కొమ్మకూ మధ్య తెల్లటి అంచు, జుట్టులో తీగల్లాంటి గరుకుదనం, చర్మం మీద ఇసుక చల్లినట్టు చుక్కలు ఆ సైజులో కనబడితే అమౌంట్ తగ్గించండి. జూమ్ ఎప్పుడూ 50, 100, 200, 300లోనే ఉంచండి. 67, 133 లాంటి శాతాల్లో ప్రోగ్రాము పిక్సెళ్లను కలిపి వేగంగా గీస్తుంది, అక్కడ కనబడే పదునూ నమ్మదగింది కాదు, మెత్తదనమూ కాదు. తెరకు సరిపడా పెట్టే ఫిట్ వ్యూ కూర్పుకు, వెలుగుకు, రంగుకు. షార్పెనింగ్ నిర్ణయం అక్కడ తీసుకోకండి.

నాయిజ్ తగ్గించడంలో తప్పు ఇంకో వైపు జరుగుతుంది. 4కె తెర మీద నాయిజ్ సన్నగా కనబడుతుంది కాబట్టి చాలామంది దాన్ని వదిలేస్తారు. ఆ ఫొటో ప్రింటుకే వెళ్తే వదిలేయడం తరచుగా మంచి నిర్ణయమే, కాగితం మీద కూడా అది సన్నగానే పడుతుంది. చిన్న భాగాన్ని కత్తిరించి వాడబోతుంటే మాత్రం 200 శాతం దగ్గర చూసి నిర్ణయించండి.

ప్రింటును తెర మీద అసలు సైజులో చూడాలంటే ప్రింటు వెడల్పు అంగుళాలను మానిటర్ సాంద్రతతో గుణించి ఫొటో వెడల్పు పిక్సెళ్లతో భాగించండి. 12 అంగుళాల ప్రింటుకు 163 సాంద్రత దగ్గర 12×163÷6000, అంటే 33 శాతం. ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్, యూనిట్స్ అండ్ రూలర్స్‌లో స్క్రీన్ రిజల్యూషన్ దగ్గర మీ మానిటర్ అసలు సాంద్రత రాసిపెడితే వ్యూ మెనూలోని ప్రింట్ సైజ్ ఆదేశం సరైన కొలతలో చూపిస్తుంది. తెర మీద స్కేలు పెట్టి ఒకసారి కొలిచి ఖాయం చేసుకోండి.

వెలుగు, రంగు

ప్రింట్లు చీకటిగా వస్తున్నాయన్న ఫిర్యాదుకు ఎక్కువసార్లు కారణం ప్రింటర్ కాదు, మానిటర్ వెలుగు. పెట్టెలోంచి తీసిన మానిటర్లు చాలావరకు 250 నిట్స్ పైనే వెలుగుతుంటాయి. ఫొటో పనికి 80 నుంచి 120 నిట్స్ చాలు, ప్రింటు కోసమైతే 80 నుంచి 100 మధ్య. కొలిచే పరికరం లేకపోతే తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, గది వెలుతురు పడేలా తెల్ల కాగితాన్ని పక్కన పట్టుకోండి. రెండూ దాదాపు ఒకే వెలుగులో కనబడేదాకా మానిటర్ బ్రైట్‌నెస్ తగ్గించండి. మొదటి రోజు చీకటిగా అనిపిస్తుంది, కళ్లు త్వరగానే అలవాటు పడతాయి.

కాలిబ్రేటర్ ఉంటే మానిటర్‌ను ముందుగా అరగంట వెలిగించి ఉంచండి. డైనమిక్ కాంట్రాస్ట్, ఆటో బ్రైట్‌నెస్, నైట్ లైట్, మ్యాక్‌లో ట్రూ టోన్, విండోస్‌లో హెచ్‌డీఆర్ అన్నీ ఆపేయండి. లక్ష్యాలు వైట్ పాయింట్ 6500 కెల్విన్, గామా 2.2, వెలుగు 100 నిట్స్. మొదలుపెట్టే ముందు సాఫ్ట్‌వేర్ అడిగే బ్యాక్‌లైట్ రకం సరిగ్గా ఎంచుకోవడం ముఖ్యం. విస్తృత రంగుల (ఎస్‌ఆర్‌జీబీ కన్నా ఎక్కువ రంగులు చూపే) మానిటర్‌కు సాధారణ వైట్ ఎల్‌ఈడీ అని చెబితే పరికరం రంగును తప్పుగా చదువుతుంది, పని పూర్తయ్యాక తెల్లదనంలో పచ్చ లేదా గులాబీ ఛాయ మిగిలిపోతుంది. నెలకోసారి మళ్లీ కొలవండి.

విస్తృత రంగుల మానిటర్ మీద ప్రొఫైల్‌ను పట్టించుకోని ప్రోగ్రాములో ఫొటో తెరిస్తే ఎరుపులు మండిపోతాయి, ముఖాలు కందినట్టు ఉంటాయి. ఫొటో పాడవలేదు, ఆ ప్రోగ్రామే రంగులను అనువదించడం లేదు. అక్కడ చూసి సాచురేషన్ తగ్గించొద్దు. ఆ ప్రోగ్రామే తప్పనిసరైతే మానిటర్ మెనూలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌కు మారండి.

ప్రివ్యూలు, వేగం

4కెకు మారగానే లైట్‌రూమ్ మందగించడం సహజం, ప్రతి స్లైడర్ కదలికకూ నాలుగు రెట్ల పిక్సెళ్లు గీయాలి. గ్రాఫిక్స్ ప్రాసెసర్ వాడకాన్ని ప్రిఫరెన్సెస్‌లో ఆన్ చేయండి. అయినా ఆగి ఆగి నడిస్తే ఫొటో కనబడే భాగాన్ని చిన్నది చేసి పనిచేయండి, తేడా వెంటనే తెలుస్తుంది. కేటలాగ్ సెట్టింగ్స్‌లో స్టాండర్డ్ ప్రివ్యూ సైజును ఆటోలో పెడితే మానిటర్‌కు తగ్గ ప్రివ్యూలు తయారవుతాయి.

స్మార్ట్ ప్రివ్యూల (అసలు ఫైళ్ల బదులు లైట్‌రూమ్ వాడుకునే చిన్న నకళ్లు) విషయంలో జాగ్రత్త. వాటి పొడవైన అంచు 2560 పిక్సెళ్లే. 4కె తెర నిండా పట్టడానికి 3240 కావాలి కాబట్టి ఫిట్ వ్యూలోనే ఫొటో మెత్తగా కనబడుతుంది. అసలు ఫైళ్లున్న డిస్క్ కలిపి ఉన్నా, ఎడిటింగ్‌కు స్మార్ట్ ప్రివ్యూలే వాడాలన్న ఐచ్ఛికం ప్రిఫరెన్సెస్‌లోని పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో ఆన్‌లో ఉంటే ఇదే జరుగుతుంది. ఫోకస్ తప్పిందని ఫొటోలు తీసేసే ముందు ఇది ఆపి చూడండి.

ఎగుమతి

4కె తెర మీద తెర నిండా చూడబోయే అడ్డం ఫొటోకు పొడవైన అంచు 3240, నిలువు ఫొటోకు ఎత్తు 2160 సరిపోతాయి. పాత 1600 పిక్సెళ్ల ఫైళ్లు ఈ తెర మీద సగం వెడల్పుకే వస్తాయి, తెర నిండా సాగదీస్తే మసకబారతాయి. వాటిని పెంచే బదులు అసలు ఫైలు నుంచి మళ్లీ ఎగుమతి చేయడమే దారి. సైజు తగ్గించాక పెట్టే షార్పెనింగ్‌కు రేడియస్ 0.3 నుంచి 0.5 దాటనివ్వకండి. ఎస్‌ఆర్‌జీబీకి మార్చి ప్రొఫైల్‌ను ఫైలులో పొదగండి.

పాత ఫుల్ హెచ్‌డీ మానిటర్ ఉంటే అమ్మేయకండి. దాన్ని కూడా కాలిబ్రేట్ చేసి పక్కనే పెట్టుకుని, ఎగుమతి చేసిన ప్రతి ఫైలునూ అక్కడ 100 శాతం దగ్గర ఒకసారి తెరవండి. రెండు మానిటర్లకు స్కేలింగ్ శాతాలు వేరువేరుగా ఉన్నప్పుడు విండోస్‌లో ప్రోగ్రామును ఒక తెర నుంచి ఇంకోదానికి లాగితే కొన్నిసార్లు అది మసకగానే ఉండిపోతుంది. ప్రోగ్రామును మూసి ఆ తెర మీదే మళ్లీ తెరవండి. అప్పటికీ తేడా అనిపిస్తే 188 బూడిద రంగు పరీక్ష బొమ్మను ఆ తెర మీద కూడా పెట్టి చూడండి.